గాజు కన్ను మీద పొర

అస్తమయానికి పది రోజులు

ఈ పుస్తకంలో కొలతలు మాత్రమే రాయాలని జోగినాథం గారు నాకు ఇప్పటికి మూడుసార్లు చెప్పారు. ఆయన ఈ స్థావరానికి పెద్ద. పెద్దవాళ్ళ మాట కాదనకూడదు కాబట్టి కొలతలు కూడా రాస్తాను.

ఇవాళ పెద్ద విశేషం జరిగింది. ఆరేళ్ళ తర్వాత భూమి నుంచి కొత్త తుడుపు గుడ్డలు వచ్చాయి. మొత్తం అరవై. లేజర్ అద్దాలు తుడిచే రకం, నూగు రాలదు, పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఒకే గుడ్డను ఉతికి ఉతికి వాడాను. అది ఎంత పలచబడిందంటే మొహానికి అడ్డం పెట్టుకుని అవతలి బోర్డు చదవొచ్చు. కొత్త కట్టను ఇంటికి తీసుకెళ్ళి విప్పాను. కొత్త బట్టలు కదా, అన్నిటికీ నాలుగు మూలలా ఇంత పసుపు పెట్టి, ఒకే తొట్టెలో జాడించి ఆరేశాను. చంద్రుడి మీద నీళ్ళు తాపీగా జారతాయి కాబట్టి గుడ్డలు జాడించడం ఇక్కడ మంచి కాలక్షేపం. అరవై గుడ్డలు తీగల మీద వేలాడుతుంటే ఇల్లు పెళ్ళివారిల్లులా కళకళలాడింది. మడతలు పెట్టి బ్యాటరీల గదిలో అలమరలో సర్దాను. పాత గుడ్డను పారేయడానికి మనసొప్పక సొరుగులో దాచాను.

రేపటి నుంచి పన్నెండు బ్యాటరీ వరుసల తనిఖీ, రోజుకు రెండు చొప్పున.

అస్తమయానికి తొమ్మిది రోజులు

మొదటి వరుస, రెండో వరుస చూశాను. రెండూ బాగా లేవు.

నా తర్వాత ఈ పుస్తకం చేతికొచ్చే మనిషి కోసం ఒక మాట. లిథియం బ్యాటరీని మొట్టమొదట చార్జ్ చేసినప్పుడు లోపలి పలక మీద సన్నటి పొర కడుతుంది, కాచిన పాల మీద మీగడ కట్టినట్టు. అది పలచగా, సమంగా ఉన్నంతకాలం బ్యాటరీ సుఖంగా ఉంటుంది. మందమైతే లోపలున్న లిథియాన్ని అదే మింగేస్తుంది. అందుకే ప్రతి వరుసలో ఒక బ్యాటరీకి చిన్న గాజు కన్ను పెట్టాం. స్పిరిట్ చుక్కలు వేసిన గుడ్డతో ఆ కన్ను తుడిచి, నీలి లేజర్‌ను లోపలి పలక మీదకు పంపుతాను. వెళ్ళిన వెలుగులో దాదాపు అంతా అదే రంగులో తిరిగొస్తుంది. కోట్లలో ఒక వంతు మాత్రం కొంచెం రంగు మార్చుకుని వస్తుంది. ఆ మారిన రంగును బట్టి పొరలో ఏ పదార్థం ఎంత ఉందో తెర మీద సన్నటి మొనలుగా కనిపిస్తుంది.

ఇవాళ మొనలు లేవు. తెర నిండా ఒక పెద్ద గుట్ట ఉంది. పొర కుళ్ళి జిగురు పట్టిపోతే ఇలాంటి గుట్ట వస్తుందని శిక్షణలో చెప్పారు. పదకొండేళ్ళలో నేను చూడడం ఇదే మొదలు. మళ్ళీ కన్ను తుడిచి మళ్ళీ చూశాను. గుట్ట ఇంకా పెరిగింది.

అస్తమయానికి ఎనిమిది రోజులు

మూడు, నాలుగు వరుసలు చూశాను. గుట్టే.

తుడవడం గిడవడం మానేసి గది చివరికి పరుగెత్తి పన్నెండో వరుసకు లేజర్ పెట్టాను. అక్కడ మొనలు ముచ్చటగా నిలబడి ఉన్నాయి. అమ్మయ్య అనుకున్నాను. అంటే ఇది మొదటి వరుస దగ్గర మొదలై ఇటు పాకుతోందన్నమాట. బ్యాటరీలకు అంటురోగం ఉంటుందని ఏ పుస్తకంలోనూ లేదు. ఉంటే గింటే అది కనిపెట్టిన ఘనత నాకే దక్కాలని ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. కొలతలు మాత్రమే రాయమన్నారు కాబట్టి ఆ ఆలోచన ఎంతసేపు ఉందో కొలిచి రాస్తున్నాను. అర నిమిషం.

అస్తమయానికి ఐదు రోజులు

పది వరుసలు అయ్యాయి. పదింటిలోనూ గుట్ట. మొన్న బాగున్న పన్నెండో వరుసను ఇవాళ పద్ధతి ప్రకారం తుడిచి మళ్ళీ చూశాను. దానికీ సోకింది.

జోగినాథం గారి గదికి వెళ్ళి చెప్పాను. ఆయన ఎక్కువ మాట్లాడరు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని అడిగారు.

"ఖాయమేనా అమ్మా?"

"ఒక్కో వరుసా రెండేసిసార్లు చూశానండీ. ఖాయం."

ఆయన నన్ను మూడోసారి చూడమనలేదు. పదిహేడో పెద్ద రాత్రి సంగతి ఇద్దరికీ గుర్తుంది. సూర్యుడు దిగిపోతే పద్నాలుగు రోజులకు గానీ మళ్ళీ రాడు. అంతవరకూ గాలీ, వెచ్చదనం, దీపాలూ అన్నీ బ్యాటరీల మీదే. ఆ రాత్రి మధ్యలో రెండు వరుసలు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. యాభై ఎనిమిది కుటుంబాలూ ఒకే హాల్లో ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నాం. కోళ్ళన్నీ చచ్చిపోయాయి. మీటర్లు చివరి గంట వరకూ అంతా బాగుందనే చూపించాయి. ఆ తర్వాతే గాజు కళ్ళు పెట్టాం. అప్పటి నుంచి ఈ ఊళ్ళో నా మాటకు తిరుగులేదు.

జోగినాథం గారు కాగితం మీద లెక్క వేశారు. మనుషుల గాలికీ వేడికీ ముందు. మిగిలేది ఏమీ లేదు. అన్నిటికంటే ఎక్కువ కరెంటు తినేది వరి గది.

"అస్తమయానికి రెండు రోజుల ముందు వరి కోయించేద్దాం," అన్నారు. "పచ్చిదైనా మేకలకు పనికొస్తుంది. పైడితల్లి గారికి మీరే చెప్పండి. మీరు చెబితే వింటారు."

ఆ వరి పండించే పైడితల్లప్ప సంగతి ఆయనకు తెలియదు.

అస్తమయానికి నాలుగు రోజులు

వరి గదిలోకి అడుగుపెడితే నాకు ఎప్పుడూ ఏదో అవుతుంది. బయటంతా బూడిద రంగు. లోపల మోకాళ్ళెత్తు పచ్చదనం, తడి మట్టి వాసన. పైడితల్లప్ప గట్టు మీద గొంతుక్కూర్చుని ఒక వరి వెన్నును పసిపిల్ల గడ్డం పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది. అరవై రెండేళ్ళ మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి మొదటి ఓడలో వచ్చింది. ఇక్కడ వరి పండిస్తానని ఆమె అంటే మొదట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఏటే రత్నం, మొకం అలగెట్టేవు?" అంది. "ఇదిగో, ఇలగ నొక్కి సూడు. పాలొస్తన్నాయి. ఇంకో ఇరవై దినాలు, అంతే."

చెప్పాను. ఎలా చెప్పానో నాకే గుర్తు లేదు. ఆమె వెన్నును వదల్లేదు.

"రెండు సార్లు ఏసినాను, రెండు సార్లూ పోయింది. ఇది మూడోది. ఉన్న ఇత్తనాలన్నీ ఇందులోనే ఏసీసినాను రత్నం. పచ్చిది కోసెత్తే మరి ఇత్తనమేదీ?"

"భూమి నుంచి తెప్పిద్దాం అప్పా."

"ఏడేళ్ళు అడిగితే ఒక్క డబ్బాడు పంపినారు. మల్లా అడిగితే మరో ఏడేళ్ళు." వెన్ను నిమురుతూ, "నీ యంత్రం తప్పు సెప్పదేటి?" అంది.

"చెప్పదు అప్పా."

పదకొండేళ్ళుగా ఆ మాట నేను గర్వంగానే అంటూ వచ్చాను. ఇవాళ అంటుంటే ఏడుపొచ్చింది. ఆమె మాత్రం ఏడవలేదు. నన్నే ఓదార్చి, తాగడానికి నీళ్ళిచ్చి పంపింది. అది ఇంకా బాధ.

అస్తమయానికి మూడు రోజులు

ఇవాళ జరిగింది వరుసగా రాస్తాను.

తొమ్మిది గంటలకు తలుపు తట్టిన చప్పుడు. పైడితల్లప్ప. బ్యాటరీల గది గుమ్మం పైన నేను పెద్ద అక్షరాలతో రాసి పెట్టిన బోర్డు ఉంటుంది: పసుపు, కుంకుమ, అగరొత్తులు, తినే వస్తువులు లోపలికి తేరాదు. కిందటి ఆయుధపూజ నాడు ఆమె బ్యాటరీలకు బొట్టు పెడతానని పళ్ళెంతో వస్తే, ఆ బోర్డు చూపించి గుమ్మంలోంచే వెనక్కి పంపాను. నలుగురిలో పంపాను. చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

"బోర్డు సదివినాను," అంది ఇవాళ, నేను నోరు తెరవకముందే. "నాకాడ పసుపు నేదు, కుంకం నేదు. సేతులు రెండు సార్లు కడుక్కున్నాను. నాకు ఆ జబ్బేటో సూపించు. సూడకుండా నా సేను కొయ్యనివ్వను."

న్యాయమే. మొదటి వరుస దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టాను. లేజర్ పెట్టి తెర మీద గుట్ట చూపించాను. ఆమె గుట్ట వంక చూస్తూ వరి గురించి మొదలుపెట్టింది. ఏ దుబ్బు ఎప్పుడు పిలకలు వేసింది, దేనికి తెగులు వచ్చి తగ్గింది, దీపాలు ఆరిన రోజు ఏ వరస ఎలా వాలింది, అన్నీ చెప్పుకొచ్చింది. ఆపమనడానికి నాకు నోరు రాలేదు. మామూలుగా కొలత అరనిమిషంలో అయిపోతుంది, వెంటనే లేజర్ ఆపేస్తాను. ఇవాళ ఆపడం మరిచిపోయాను. అరగంట గడిచింది.

"ఒలమ్మ, దిగుతాంది సూడు!" అంది ఆమె.

గుట్ట సగానికి పడిపోయింది. దాని మీద ఒక సన్నటి మొన తలెత్తింది. లిథియం కార్బొనేట్ మొన, ఉండాల్సిన చోటే ఉంది.

"నా మాట ఇన్నాది," అంది పైడితల్లప్ప.

"అప్పా, నీకు దండం పెడతాను, పది నిమిషాలు మాట్లాడకు."

ఆ పది నిమిషాలూ ఆమె పడ్డ కష్టం ఇంతా అంతా కాదు. గుట్ట మాత్రం దిగుతూనే ఉంది. కుళ్ళిన పొర చూస్తుంటే నయమవుతుందా? ఎక్కడా విని ఉండం. లేజర్‌ను వెంట్రుకవాసి పక్కకు జరిపాను. గుట్ట మళ్ళీ మొదటి ఎత్తుకు లేచింది. వెనక్కి జరిపాను. అక్కడ తగ్గే ఉంది.

"ఎలిసిపోతాంది కాదేటి?" అంది ఆమె, పది నిమిషాలు అయ్యీ అవగానే. "ఎండలో ఆరేసిన రంగు సీర ఎలిసిపోయినట్టు. నీ నీలం లైటు పడ్డకాడ ఎలుస్తాంది, పడనికాడ నేదు."

వెలిసేది రంగు. బ్యాటరీలో రంగు ఎక్కడిది? లేజర్‌ను లోపలి పలక మీద నుంచి పైకి లాగి గాజు మీదే నిలబెట్టాను. గుట్ట తెర దాటి పోయింది. జబ్బు లోపల లేదు, గాజు మీద ఉంది. గాజును ముట్టుకునేది ఒక్కటే వస్తువు.

అలమరలోంచి కొత్త గుడ్డ తీసి నీలి వెలుగు కింద పరిచాను. గుడ్డంతా లేత ఆకుపచ్చగా వెలిగింది. మూలకు జరిపాను. మూలనున్న పసుపు భగ్గున వెలిగింది.

పుట్టినప్పటి నుంచి కొత్త బట్టల మూలల్లో ఆ పసుపు చూస్తూనే ఉన్నాం. చూసి చూసి అది మన కంటికి ఆనదు. ఆ రోజు తొట్టెలో జాడించినప్పుడు మూలల పసుపు అరవై గుడ్డలకీ కంటికి కనపడనంత పలచగా పాకింది. స్పిరిట్ తగిలేసరికి కరిగి గాజుకు పట్టింది. తుడిచిన ప్రతిసారీ నేను గాజు కళ్ళకు పసుపు రాశాను, దాని మెరుపే తెర మీద గుట్టయింది. నా అంటురోగం ఒకటో వరుస నుంచి నా వెనకాలే నడిచి వచ్చింది. పన్నెండో వరుసను తుడవకుండా చూసిన రోజు అది ఆరోగ్యంగా ఉండడంలో వింతేముంది?

పైడితల్లప్ప గుడ్డ మూల చూసింది. నన్ను చూసింది. లేచి వెళ్ళి గుమ్మం పైన బోర్డు చూసి వచ్చింది.

"ఎవులు పెట్టినారే పసుపు?"

"నేనే."

"అరవైకీ?"

"కొన్నిటికి పెట్టి కొన్నిటికి మానేస్తే ఏం బాగుంటుంది అప్పా?"

ఆమె నవ్వు ఆపుకోలేక స్టూలు మీంచి జారి నేల మీద కూర్చుంది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోతున్నా నవ్వు ఆగలేదు. తర్వాత సొరుగులోంచి పాత గుడ్డ తీశాను. ఆమె స్పిరిట్ సీసా పట్టుకుంది. పని మొదలుపెట్టాం.

అస్తమయానికి రెండు రోజులు

కోతకు పిలిచే సైరన్ మోగేసరికి పది వరుసలే అయ్యాయి. ఇంక ఆగలేక లేజర్ పెట్టెను చంకలో పెట్టుకుని, రెండు గాజు ముక్కలు, ఒక పాత గుడ్డ, ఒక కొత్త గుడ్డ పట్టుకుని వరి గదికి పరుగెత్తాను. అందరూ కొడవళ్ళతో గట్టు మీద నిలబడి ఉన్నారు. ఎవరి మొహంలోనూ కళ లేదు. నా కంటే ముందే వచ్చిన పైడితల్లప్ప జోగినాథం గారికి అడ్డంగా నిలబడి ఉంది. అసలు సంగతి మాత్రం బయట పెట్టలేదు. నా తప్పు నన్నే చెప్పుకోనిచ్చింది.

చెప్పాను. గుడ్డలు, మూలలు, తొట్టె, అన్నీ. నలుగురిలో ఆమెను వెనక్కి పంపిన దాన్ని, నలుగురిలోనే చెప్పాను.

జోగినాథం గారు నవ్వలేదు. "మూడు రోజుల కింద ఖాయమన్నారు. ఇవాళ ఇదీ ఖాయమంటున్నారు. నేను ఏ ఖాయాన్ని నమ్మాలమ్మా? యాభై ఎనిమిది కుటుంబాలు నా మీద ఉన్నాయి."

"నన్ను నమ్మొద్దండీ," అన్నాను. "మీ చేత్తో మీరే చూడండి."

ఒక గాజు ముక్క పాత గుడ్డతో తుడిపించాను, ఒకటి కొత్త గుడ్డతో. లేజర్ మీట ఆయన చేతికే ఇచ్చాను. మొదటి ముక్కకు తెర మీద గీత నున్నగా సాగింది. రెండో ముక్కకు గుట్ట లేచింది. ఆయన ముక్కలు అటూ ఇటూ మార్చి మూడుసార్లు చూశారు. నన్ను మూడోసారి చూడమని అప్పుడే అడిగి ఉంటే ఎంత బాగుండేదో. తర్వాత నేను రాసి తెచ్చిన పది వరుసల కొత్త కొలతలు మొదటి నుంచి చివరి దాకా చదివారు.

"నాలుగో వరుస?" అన్నారు.

"అది నిజంగానే ముసలిదైందండీ. పొర మందంగా ఉంది. దాన్ని తీసేయాలి. వేడినీళ్ళు ఆపేస్తే వరికి సరిపోతుంది."

"పద్నాలుగు రోజులు చన్నీళ్ళ స్నానం."

"అవునండీ."

ఆయన గట్టు మీద వాళ్ళ వైపు తిరిగారు. వెనక నుంచి ఎవరో కొడవలిని మట్టిలో గుచ్చిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకొకటి. జోగినాథం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోబోయి, జేబులోని రుమాలును ముందు వెనక తిప్పి చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టేశారు. అప్పుడు అందరూ నవ్వారు.

అస్తమయానికి ఒక రోజు

మిగతా రెండు వరుసలూ చూశాను. బాగున్నాయి. నాలుగో వరుసను తీసేశాను. పదకొండు ఉన్నాయి.

పెద్ద రాత్రి, తొమ్మిదో రోజు

వరి గదిలో దీపాలు వెలుగుతున్నాయి. రోజుకు రెండుసార్లు వెళ్ళి చూసి వస్తున్నాను. స్నానాల గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు మాత్రం తల వంచుకుని వెళుతున్నాను. లోపల చన్నీళ్ళు పోసుకునేవాళ్ళు చెంబు చెంబుకీ నా పేరు తలుచుకుంటున్నారు. పిల్లలు దాని మీద పాట కూడా కట్టారు. భయం మాత్రం ఉంది. తొమ్మిది రోజులుగా ఉంది. ఐదు రోజులు బాకీ.

ఉదయించిన రోజు

ఒక్క దీపం ఆరలేదు.

ఉదయించాక ఎనిమిదో రోజు

కోత అయింది, నూర్పు అయింది. విత్తనం తీసి పక్కన పెట్టాక మిగిలినవి దంచితే ఇంటికి సోలెడు లెక్కన వచ్చాయి. ఎందులో పంచాలన్నది సమస్య. పైడితల్లప్ప నా అలమర దగ్గరకొచ్చి చెయ్యి చాపింది.

"ఆ గుడ్డలియ్యి. ఎలగూ నీకు పనికిరావు."

యాభై ఎనిమిది కుటుంబాలకు యాభై ఎనిమిది మూటలు. నాలుగు మూలలా పసుపున్న కొత్త బట్టలో, ఇక్కడ పండిన మొదటి బియ్యం. ఎవరైనా కావాలని చేసినా ఇంత బాగా కుదరదని ముసలివాళ్ళు అన్నారు. నేను ఔననలేదు, కాదనలేదు.

యాభై తొమ్మిదో మూటతో ఆమె మధ్యాహ్నం బ్యాటరీల గదికి వచ్చి గుమ్మం అవతలే ఆగింది. ఇది బ్యాటరీల వాటా అంది. బోర్డు చూపించాను. దాని కింద మొన్న జోగినాథం గారు స్వహస్తాలతో ఒక వాక్యం చేర్చారు: ఈ నియమం నూకరత్నానికి కూడా వర్తిస్తుంది.

కాబట్టి గుమ్మం బయటే పొయ్యి పెట్టాం. పులిహోర చేశాం, పసుపు దండిగా వేసి. మొదటి ముద్ద ఆమె నా నోట్లో పెట్టింది. రెండో ముద్ద నేను ఆమెకు పెట్టాను. అప్పుడు ఏడ్చింది, అన్ని రోజులకూ కలిపి. నేనూ ఏడ్చాను. తర్వాత గిన్నె ఖాళీ చేశాం. నేను చేతులు మూడుసార్లు కడుక్కుని, పాత గుడ్డ తీసుకుని లోపలికి వెళ్ళాను.

కొలతలు. పన్నెండో వరుస: పొర పలచన. మొనలు స్పష్టం. గుట్ట లేదు. కడుపు నిండుగా ఉంది.